గడ్డలు కనబడ్తయి.. గ్రంథులు కనబడవు

ఒంటి నిండ గడ్డలున్న మనిషి బస్సెక్కితే పక్క సీటు ఖాళీగనే ఉంటది. మన ఊర్లల్ల ముందుగాల వచ్చే మాట ఒక్కటే.. "అంటుకుంటదా?" అంటుకోదు. ముట్టుకున్నా, ఒక్క కంచంల తిన్నా, పక్కపొంటి పండుకున్నా అంటుకోదు. అది పుట్టుకతోని వచ్చేది. దాని పేరు న్యూరోఫైబ్రోమాటోసిస్. అండ్ల మొదటి రకాన్ని డాక్టర్లు పొట్టిగ ఎన్ఎఫ్ వన్ అంటరు. మా నాయినకు ఉన్నది. మా అక్కకు, నాకు ఉన్నది. మా అక్క బిడ్డకు సుత వచ్చింది.

గడ్డల గురించి యూట్యూబ్‌ల వీడియోలకు కొదువ లేదు. "వింత రోగం" అని ఎర్ర అక్షరాలతోని రాసి, పాపం ఎవరిదో మొకం పెట్టి లక్షల వ్యూస్ గుంజుతరు. నేను రాసేది గడ్డల గురించి గాదు. లోపల ఉండే గ్రంథుల గురించి. ఎందుకంటే మా ఇంట్ల గడ్డలు ఎవ్వరి పానం తియ్యలేదు. పానం మీదికి తెచ్చింది మూత్రపిండం మీద ఉండే ఒక గ్రంథి. మా బిడ్డ ఎత్తును గుంజుకోబోయింది మెదడు కింద ఉండే బఠానీ గింజంత ఇంకో గ్రంథి. ఈ రెండూ అద్దంల కనబడవు. కనబడకపోవుడే అసలు కష్టం.

నేను డాక్టర్ను గాదు. మండల కేంద్రంల ల్యాబ్ టెక్నీషియన్‌గ పని చేస్త. రక్తం, మూత్రం పరీక్షలు చేసేటోన్ని. ఇంట్ల రోగం ఉండుడు, చేతుల పని అదే ఉండుడు.. రెండూ కలిసి ఈ సంగతులు తెలుసుకునేటట్టు చేసినయి.

రెండు బ్రేకుల ట్రాక్టర్

1882ల జర్మనీ డాక్టర్ వాన్ రెక్లింగ్‌హౌసెన్ ఈ గడ్డలు నరాలకెల్లి పుడుతున్నయని వివరంగ రాసిండు. అందుకే పాత పుస్తకాలల్ల దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తరు. దీనికి కారణమైన జీన్ ఏదో తెలిసేసరికి ఇంకో నూరేండ్లు దాటింది. 1990ల అది 17వ క్రోమోజోమ్ మీద దొరికింది.

ఆ జీన్ పనేంది? ట్రాక్టర్‌కు రెండు పక్కల రెండు బ్రేకులు ఉంటయి గదా. మన ఒంట్ల ప్రతి కణంల సుత ఈ జీన్ రెండు కాపీలు ఉంటయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. అది న్యూరోఫైబ్రోమిన్ అనే ప్రొటీన్‌ను తయారు చేస్తది. కణం "ఇగ పెరిగింది సాలు" అని ఆగేటందుకు ఆ ప్రొటీన్ బ్రేకు లెక్క పని చేస్తది. మాకు పుట్టుకతోనే ఒక బ్రేకు ఫెయిల్. రెండోది పనిచేసినన్ని దినాలు బండి మంచిగనే నడుస్తది. ఏదన్న ఒక కణంల ఆ రెండోది సుత ఖరాబైతే అది ఆగకుంట పెరుగుతది. నరం పొర మీద అయితే తోలు మీద మెత్తటి గడ్డ అయితది. కంటి నరంల అయితే అక్కడ కణితి. అడ్రినల్ గ్రంథిల అయితే అక్కడ కణితి. అందుకే ఒక్క ఇంట్ల ఉన్నోళ్లందరికీ రోగం ఒక్క తీరుగ ఉండదు. మా నాయినకు వందల గడ్డలు. మా అక్కకు మచ్చలు తప్ప పెద్దగ ఏం లేవు.

ఆ మచ్చలే గుర్తు పట్టే మొదటి సంగతి. పాలెక్కువ పోసిన చాయ రంగుల ఉంటయి. చిన్న పిల్లలకు అరసెంటీమీటరు కంటే పెద్ద మచ్చలు 6, అంతకంటే ఎక్కువ ఉంటే అనుమానపడాలె. పెద్దమనుషులైనంక ఒకటిన్నర సెంటీమీటరు దాటినయి లెక్క పెడతరు. ఒకటి రెండు మచ్చలు మస్తు మందికి ఉంటయి, దానికి భయపడొద్దు. సంకల, గజ్జల దగ్గర నువ్వు గింజల తీరు చుక్కలు, కంటి నల్లగుడ్డు చుట్టూ ఉండే పొర మీద సన్నటి బుడిపెలు.. ఇవి తోడైతే డాక్టర్లు ఖాయం చేస్తరు. ఎక్కువ సార్లు జీన్ పరీక్ష లేకుంటనే చూసి చెప్తరు.

ప్రపంచంల ఎక్కడైనా ఇంచుమించు 3,000 మందిల ఒకరికి ఈ రోగం ఉంటదని లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం మన తెలంగాణ మూడున్నర కోట్లు. ఆ లెక్కన భాగిస్తే పదకొండు వేల మందికి పైనే ఉండాలె. అంటే మండలానికి కొందరన్న ఉంటరు. సగం మందికి తల్లో తండ్రో ఇస్తరు. తక్కిన సగం మందికి ఇంట్ల ఎవరికీ లేకుండనే కొత్తగ వస్తది. మా తాతకు, మా నాయినమ్మకు ఉన్నట్టు ఎవ్వరికీ ఎరుక లేదు. అయినా మా నాయినకు వచ్చింది, మా చిన్నాయినకు సుత వచ్చింది. మా నాయినమ్మ "గ్రహణంల కత్తి పట్టిన, గందుకే గిట్లయింది" అని బతికినన్ని దినాలు ఏడ్చింది. కత్తికీ దీనికీ ఏం సంబంధం లేదు.

ఆరేండ్లకే ఎదుగుడు

మా అక్క బిడ్డకు ఆరేండ్లు నిండినంక జల్ది ఎత్తు పెరిగింది. ఇంట్ల అందరూ సంబురపడ్డరు. "మేనమామ పోలిక, మంచి పొడుగు అయితది" అన్నరు. బడిల సారు ఒకటో తరగతి పిల్లలల్ల మూడో తరగతి పిల్ల లెక్క ఉన్నదని నవ్విండు. తర్వాత కొన్ని నెలలకు రొమ్ములు కనబడుడు మొదలైంది. మా అక్క ఎవ్వరికీ చెప్పలె. సిగ్గు. అత్తగారింట్ల ఏమంటరో అని భయం. లోపల రెండంగీలు తొడిగి బడికి పంపేది. బాయిలర్ కోళ్లు తింటే గిట్లయితదని పక్కింటామె చెప్తే చికెన్ బందు పెట్టింది.

ఇక్కడ ఒంటి లోపల ఏమైతదో జర చెప్తా. రెండు కండ్లకెల్లి వచ్చే నరాలు మెదడు అడుగున ఒక్క జాగల కత్తెర లెక్క దాటుకుంటయి. ఆ కత్తెరకు సరిగ్గ కింద పిట్యుటరీ గ్రంథి ఉంటది, దానికి హుకుం ఇచ్చే హైపోథాలమస్ పైన ఆనుకొని ఉంటది. పిల్ల ఎంత పెరగాలె, ఎప్పుడు పెద్దమనిషి కావాలె, ఎంత ఆకలి కావాలె, ఎన్ని నీళ్లు తాగాలె.. అన్నీ అక్కడికెల్లే నడుస్తయి. ఎన్ఎఫ్ వన్ ఉన్న పిల్లలల్ల నూటికి 15 మంది దాంక కంటి నరం దారిల కణితి వస్తది. ఎక్కువ మందికి ఏడేండ్ల లోపే వస్తది. భయపడే మాట గాదు, అండ్ల మస్తు మందికి అది పెరగకుంట అట్లనే ఊకుంటది, మందులే అవసరం పడయి. కని ఆ కణితి కత్తెర జాగలనే ఉండి హైపోథాలమస్‌ను ఒత్తితే, చిన్నప్పుడు మూసి పెట్టిన గేటు ముందుగాలనే తెరుసుకుంటది. పెద్దమనిషి అయ్యే హార్మోన్లు ఆరేండ్లకో ఏడేండ్లకో విడుదలైతయి.

డాక్టర్ల లెక్క యాదికి పెట్టుకోండ్రి. ఆడపిల్లకు 8 ఏండ్లు నిండక ముందు, మగపిల్లగానికి 9 ఏండ్లు నిండక ముందు ఎదుగుడు మొదలైతే అది మామూలు గాదు. మామూలు పిల్లలల్ల ఇట్ల జల్ది ఎదిగేది ఎక్కువగ ఆడపిల్లలే, చాలసార్లు లోపల కారణం ఏం దొరకది. ఎన్ఎఫ్ వన్ ఉన్నోళ్లల్ల మగపిల్లగాండ్లకు సుత వస్తది. వాళ్లను ఎవ్వరు పట్టించుకోరు. ఎనిమిదేండ్ల పొల్లగానికి గొంతు మారి, వెంట్రుకలొస్తే "మొగోడయిండు" అని మీసం మెలేసి నవ్వుతరు.

ఇప్పుడు సంబురంగ కనబడే ఎత్తు తర్వాత మోసం చేస్తది. హార్మోన్లు ఎముకలను జల్ది పెంచుతయి, జల్ది ముదురగొడ్తయి. ఎముక చివర్ల పెరిగే మెత్తటి పట్టీ ఉంటది, అది తొందరగ మూసుకపోతది. ఏడేండ్లకు తరగతిల అందరికంటే పొడుగున్న పిల్ల పదకొండేండ్లకు అక్కడనే ఆగిపోతది, తోటి పిల్లలు దాటిపోతరు. వెనుకకు తెచ్చే మందు లేదు.

మా బిడ్డ సంగతి బయటపడ్డది కండ్ల డాక్టర్ దగ్గర. మచ్చలున్న పిల్లలకు ఏడాదికొకసారి కండ్లు చూపియ్యాలని ఎక్కడనో చదివి నేనే తీస్కపోయిన. ఆమె కండ్లు చూసి, పిల్ల ఒళ్లు చూసి, "ముందు ఎండోక్రైనాలజీ డాక్టర్‌ను కలువున్రి" అని చీటి రాసింది. అక్కడ చేసినయి మూడు పనులు. ఎడమ చెయ్యి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూసిన్రు. పిల్లకు ఆరున్నర, ఎముకలకు తొమ్మిది. రక్తంల ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్లు చూసిన్రు. మెదడుకు ఎమ్మారై తీసిన్రు. కత్తెర జాగల చిన్న కణితి ఉన్నది, చూపు మాత్రం ఖరాబు కాలె.

దీనికి మందున్నది. ల్యుప్రోలైడ్, ట్రిప్టోరెలిన్ అనే సూదులు. నెలకొకటి, లేకుంటే మూడు నెలలకొకటి. అవి పిట్యుటరీకి "ఇప్పుడే వద్దు" అని చెప్తయి. ఎదుగుడు అక్కడనే ఆగుతది. పదకొండు, పన్నెండేండ్లు వచ్చేసరికి సూది బందు చేస్తే మల్ల మామూలుగ మొదలైతది. పిల్లలు పుట్టరేమో అని మా అక్క అత్తమ్మ మస్తు లొల్లి చేసింది. ఈ సూదులతోని పిల్లలు పుట్టకుండ పోతరని ఎక్కడా తేలలేదు. సూది ఖరీదు మాత్రం బయట వేలల్ల ఉంటది, ఆ తిప్పలు దాచిపెట్టను. మేము సర్కారు దవాఖానల రాపిచ్చుకొని తెచ్చుకున్నం. కొన్ని నెలలు దొరకలె, అప్పు చేసి కొన్నం. కణితికి ఇప్పటిదాంక ఏ మందూ ఇయ్యలె, ఆరు నెలలకోసారి చూస్తున్నరు. ఒకవేళ పెరిగితే కీమో ఇస్తమని చెప్పిన్రు. రేడియేషన్ మాత్రం ఈ రోగం ఉన్న పిల్లలకు సాధ్యమైనంత వరకు ఇయ్యరు. బ్రేకు ముందే సగం ఖరాబైన కణాలు గదా, రేడియేషన్ తోని ఇంకో కొత్త కణితి లేచే ప్రమాదం ఉంటది. మెదడు రక్తనాళాలు సన్నబడ్తయి, పిట్యుటరీ సుత దెబ్బతింటది.

ఉల్టా సుత జరుగుతది. ఎన్ఎఫ్ వన్ ఉన్న చాలమంది పిల్లలు మామూలుగనే తోటోళ్లకంటే జర పొట్టిగ, తల జర పెద్దగ ఉంటరు. అది వేరే. కొందరికి మాత్రం పెరుగుడు హార్మోనే తక్కువైతది, ఇంకొందరికి కంటి నరం కణితి ఉన్నప్పుడు అదే హార్మోన్ ఎక్కువై గబగబ పెరుగుతరు. ఏడాది, రెండేండ్ల పసిపిల్ల మంచిగ తాగుతది, మంచిగ నవ్వుతది, కని బక్కగైతనే ఉంటది.. అది సుత ఈ కణితి పని కావొచ్చు. అంగన్‌వాడీల బరువు తూకం ఊకనే పెట్టలేదు.

నాయిన చెమటలు

ఇగ పెద్దోళ్ల సంగతి. మూత్రపిండాల మీద టోపీ పెట్టినట్టు చెరొక అడ్రినల్ గ్రంథి ఉంటది. భయమైనప్పుడు గుండె దడదడ కొట్టుకునేది అది వదిలే అడ్రినలిన్ తోనే. కుక్క ఎంట పడ్డప్పుడు ఉరికేటందుకు అది పనికొస్తది. ఆ గ్రంథిల కణితి లేస్తే కుక్క లేకుంటనే అడ్రినలిన్ దుంకుతది. ఆ కణితి పేరు ఫియోక్రోమోసైటోమా. డాక్టర్లు ఫియో అంటరు. ఎన్ఎఫ్ వన్ ఉన్నోళ్లల్ల నూటికి ఒకరి నుంచి ఐదుగురికి వస్తదని పుస్తకాలు చెప్తయి. ఎక్కువగ నలభై ఏండ్ల అటూ ఇటూ బయటపడ్తది. ఎక్కువ శాతం క్యాన్సర్ కాదు. క్యాన్సర్ కాకున్నా పానం తీయగలదు.

మా నాయినకు రెండేండ్లు గిట్లనే నడిచింది. చలికాలం పొద్దుగాల సుత అంగి తడిసేటంత చెమట. తలకాయ పగిలిపోతుందని పట్టుకొని కూసునేది. మొకం పాలిపోయేది, గుండె గిలగిల కొట్టుకునేది. పావుగంట, అరగంట. తర్వాత ఏం కానట్టు లేచి పొలానికి పోయేది. ఊర్ల "గాలి సోకింది" అన్నరు. మా అమ్మ నిమ్మకాయలు కోపిచ్చింది, తాయెత్తు కట్టిచ్చింది. ఆర్ఎంపీ వచ్చి బీపీ చూస్తే 130. "ఏం లేదే, గ్యాస్" అన్నడు. ఆయన తప్పు సుత గాదు. ఈ రోగం తీరే అంత. లేసినప్పుడు ఆకాశానికి లేస్తది, మిషిన్ తెచ్చేసరికి దిగుతది. కొందరికి మాత్రం ఎప్పుడూ ఎక్కువనే ఉంటది, ఇంకొందరికైతే ఏ గుర్తూ ఉండదు.

నేను బ్యాటరీ బీపీ మిషిన్ ఇంట్ల పెట్టిన. చెమటలు మొదలైన క్షణంల చూడుమని అమ్మకు నేర్పిన. మూడో దినం అమ్మ ఫోన్ చేసి అంకెలు చదివింది: 220, 120. ఆ అంకెలు రాసిన కాగితం పట్టుకొని హైదరాబాద్ పోయినం.

పరీక్ష సులువైందే. ఒకటి రక్తంల మెటానెఫ్రిన్లు చూసుడు, ఇంకోటి 24 గంటల మూత్రంల చూసుడు. మూత్రం పరీక్ష గురించి నా పని తీరుగ ఒక మాట చెప్పాలె. ల్యాబ్ల ఇచ్చే డబ్బాల అడుగున జర యాసిడ్ పోసి ఇస్తరు. మురికి నీళ్లనుకొని దాన్ని పారబోసి, కడిగి మరీ పట్టుకొస్తరు జనం. పారబోయొద్దు, చేతుల మీద పడనియ్యొద్దు. పొద్దుగాల మొదటిసారి పోసింది వదిలేయాలె, అక్కడికెల్లి మరునాడు పొద్దుగాల మొదటిది దాంక ప్రతి చుక్కా డబ్బాల పడాలె. ఒక్కసారి మర్చిపోయినా లెక్క తప్పుతది. నాయినది మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువొచ్చింది. సీటీ స్కాన్‌ల ఎడమ అడ్రినల్ మీద నాలుగు సెంటీమీటర్ల గడ్డ.

ఆపరేషన్ చేసి తీసేస్తే అయిపోతది. కని ఎంబడే చెయ్యరు. ముందుగాల రెండు వారాల దాంక ప్రాజోసిన్ లాంటి ఆల్ఫా బ్లాకర్ గోలీలు ఇచ్చి రక్తనాళాలను వదులు చేస్తరు. మొదటి గోలి పండుకునేముందు వేసుకోవాలె, లేసి నిలబడితే కండ్లు తిరుగుతయి. ఆ గోలీలు నడిచినన్ని దినాలు నీళ్లు మంచిగ తాగుమని, ఉప్పు జర ఎక్కువ తినుమని చెప్పిన్రు. బీపీ ఉన్నోనికి ఉప్పు తినమంటరా అని మా అమ్మ డాక్టర్‌తోనే కొట్లాటకు దిగింది. ఆ కణితి ఉన్నన్ని దినాలు నాళాలు ముడుసుకొని ఉంటయి, ఒంట్ల నీళ్లు తగ్గుతయి. వదులైనంక అవి నిండాలె, లేకుంటే గడ్డ తీసిన నిమిషంల బీపీ అడుగుకు పడిపోతది. ఇది డాక్టర్ ఎదురుంగ నడిచే లెక్క, ఇంట్ల ఎవ్వరూ సొంతంగ చేసుకునేది గాదు. ఇంకో మాట. గుండెదడకు ఊరూరా ఇచ్చే ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్ గోలీని ఈ రోగంల ముందుగాల ఇస్తే బీపీ ఇంకా లేస్తది. ఆల్ఫా తర్వాతనే బీటా. వాంతులకు చేసే మెటోక్లోప్రమైడ్ సూది, ఒళ్లునొప్పులకు చేసే స్టెరాయిడ్ సూది సుత ఫియోను రెచ్చగొడ్తయి. మన దగ్గర ఈ రెండు సూదులు ఎంత సులువుగ పడ్తయో మీకు తెల్వంది గాదు.

నాయిన ఇప్పుడు మంచిగున్నడు. చెమటలు లేవు. రెండో పక్క గ్రంథిల సుత రావొచ్చని ఏడాదికొకసారి పరీక్ష చేయిస్తున్నం.

మా చిన్నాయిన గురించి రాయాలా వద్దా అని ఆలోచించిన. నాయిన కంటే ముందు, 38 ఏండ్లకు, హెర్నియా ఆపరేషన్‌కు ఒక ప్రైవేటు దవాఖానకు పోయిండు. ఆయన వీపు నిండ గడ్డలే. మత్తు ఇచ్చినంక బీపీ లేసి, గుండె ఆగిందని చెప్పిన్రు. బిల్లు కట్టి ఇంటికి తెచ్చుకున్నం. పోస్టుమార్టం లేదు. ఆయనది ఫియోనే అని ఇయ్యాల ఎవ్వరూ రుజువు చెయ్యలేరు, నేను సుత చెప్పను. కని ఆ వీపు చూసి "ఈయనకు ఒకసారి మెటానెఫ్రిన్లు చూద్దాం" అని ఎవ్వరూ అనలేదు. మత్తు, ఆపరేషన్, కాన్పు.. ఈ మూడు ఫియో ఉన్న మనిషికి గండాలు. ఎన్ఎఫ్ వన్ ఉన్నోళ్లు ఏ ఆపరేషన్‌కు పోయినా, ఆడోళ్లు కడుపుతోని ఉన్నా, డాక్టర్‌కు నోరు తెరిచి రోగం పేరు చెప్పాలె. బీపీ ఎక్కువున్నా, చెమటలు దడ ఉన్నా ఆ పరీక్ష అడగాలె. నేను నా ఆధార్ కవర్లనే చీటి పెట్టుకున్న: ఎన్ఎఫ్ వన్, మత్తు ముందు ఫియో పరీక్ష.

చిన్నపిల్లలకు బీపీ ఎక్కువుంటే ఫియో కంటే ముందు మూత్రపిండానికి పోయే రక్తనాళం సన్నబడ్డదా అని చూస్తరు, ఈ రోగంల అది సుత వస్తది. పిల్లల చేతికి పిల్లల పట్టీనే కట్టాలె. పెద్దోళ్ల పట్టీ కడితే అంకె తక్కువ చూపెడతది.

టేపు, బీపీ మిషిన్

ఇంత చెప్పినంక మీకు ఎమ్మారైలు, జీన్ పరీక్షలు, లక్షలు కనబడ్తుండొచ్చు. నా లెక్క వేరే. మా ఇంట్ల రెండు రోగాలను పట్టిచ్చింది వంద రూపాయలకు దొరికే టేపు చేసే పని, బీపీ మిషిన్ చేసే పని. నాలుగేండ్లు దాటిన పిల్ల పెద్దమనిషి అయ్యేదాంక ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతది. దర్వాజ చెక్క మీద ఆరు నెలలకొకసారి పెన్సిల్ గీత గీసి తారీఖు రాస్తే సాలు. ఏడాదిల ఎనిమిది, తొమ్మిది పెరిగినా అనుమానమే, నాలుగు కూడ దాటకున్నా అనుమానమే. అంగన్‌వాడీల కొలుస్తరు, బడికి ఆర్‌బీఎస్‌కే టీం వచ్చి కొలుస్తది. కొలిచిన అంకెలు రిజిస్టర్లల్ల పండుకుంటయి. పోయినేడుది, ఈయేడుది పక్కపక్కన పెట్టి చూసేటోళ్లు లేరు. ఆ పని ఇంట్ల చదువుకున్న తమ్ముడో చెల్లెనో చేయొచ్చు. మీ ఫోన్ల ఇన్ని యాప్‌లు ఉన్నయి, ఒక నోట్ తెరిచి రాసిపెట్టుండ్రి.

పెద్దోళ్లకు ఏడాదికొకసారన్న బీపీ. సబ్‌సెంటర్‌ల ఏఎన్ఎం పైసా తీసుకోకుంట చూస్తది. పిల్లలకు ఏడాదికొకసారి కండ్లు, చిన్నప్పుడు మరీ ముఖ్యం. చిన్న పిల్లలు ఒక కన్ను మసకైనా చెప్పరు, వాళ్లకు అదే లోకం అనుకుంటరు.

నన్ను ఎక్కువ మంది అడిగే ఇంకో మాట థైరాయిడ్. ఏ గడ్డ కనబడ్డా థైరాయిడ్ పరీక్ష రాసుడు ఇప్పుడు అలవాటైంది. ఎన్ఎఫ్ వన్‌కు, థైరాయిడ్‌కు ఫియో లెక్క గట్టి సంబంధం లేదు. మామూలు మనిషికి వచ్చినట్టే వీళ్లకూ రావొచ్చు, అంతే. షుగర్ సంగతైతే విచిత్రం. బ్రెజిల్‌ల, ఫిన్లాండ్‌ల చేసిన స్టడీలల్ల ఈ రోగమున్నోళ్లకు రక్తంల చక్కెర తక్కువుంటున్నట్టు, పెద్ద వయసుల వచ్చే షుగర్ తక్కువగ వస్తున్నట్టు తేలింది. మా నాయినకు ఈ మాట చెప్తే "ఒక్కటన్న మంచి జరిగింది" అని రెండు లడ్డూలు తిన్నడు. విటమిన్ డి మాత్రం వీళ్లల్ల తక్కువ ఉంటది, ఎముకలు పలుచబడ్తయి. ఎండల పనిచేసేటోళ్లకు డి ఎందుకు తక్కువైతది అనుకోకుండ ఒకసారి చూపిచ్చుకోవాలె.

తోలు మీద గడ్డలకు సుత హార్మోన్లతోని లెంక ఉన్నది. పెద్దమనిషి అయ్యే వయసుల కొత్తయి లేస్తయి, కడుపుతోని ఉన్నప్పుడు కొందరు ఆడోళ్లకు పెరుగుతయి. ఈ గడ్డలల్ల ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను పట్టుకునే గుర్తులు దొరికినయి. గర్భం రాకుండ వాడే మామూలు గోలీలతోని గడ్డలు పెరిగినట్టు పెద్దగ కనబడలె. మూడు నెలల హార్మోన్ సూది వేసుకునేముందు మాత్రం డాక్టర్‌కు రోగం సంగతి చెప్పి అడగాలె.

పెండ్లి సంగతి దాటేస్తే ఈ ముచ్చట అబద్ధమైతది. నాకు 27 ఏండ్లు. రెండు సంబంధాలు చేతుల మీద గడ్డలు చూసి వెనుకకు పోయినయి. రోగం ఉన్న మనిషికి పుట్టే ప్రతి బిడ్డకూ సగం సగం అవకాశం ఉంటది. బొమ్మా బొరుసా ఎగరేసినట్టే, మొదటి బిడ్డకు వచ్చిందని రెండో బిడ్డకు తగ్గదు, పెరగదు. ఆడ, మగ తేడా లేదు. మేనరికం చేసుకున్నందుకు వచ్చే రోగం సుత గాదిది. బిడ్డకు ఎంత తీవ్రంగ వస్తదో ముందుగాల ఎవ్వరూ చెప్పలేరు, మా అక్కే సాక్ష్యం. కడుపుల ఉన్నప్పుడే జీన్ పరీక్ష చేసే వీలున్నది, దానికి ముందు ఇంట్ల రోగం ఉన్న మనిషి జీన్‌ల మార్పు ఎక్కడున్నదో తెలుసుకోవాలె. చేయించుకోవాలా, తెలిసినంక ఏం చేయాలె అన్నది ఆలుమగలు కూసొని తేల్చుకునే ముచ్చట. అత్తమామలది గాదు, ఊరిది గాదు. నేనైతే చూడొచ్చినోళ్లకు ముందే చెప్తున్న, అంగి చేతులు మడిచే కూసుంటున్న.

హైదరాబాద్‌ల నిమ్స్‌ల, ఉస్మానియాల ఎండోక్రైనాలజీ డాక్టర్లు ఉన్నరు. జీన్ల సంగతి చూసే డాక్టర్లు నిమ్స్‌ల ఉన్నరు, ఉప్పల్ సీడీఎఫ్‌డీ వాళ్లతోని కలిసి పనిచేస్తరు. అరుదైన రోగాల కోసం కేంద్రం 2021ల తెచ్చిన పాలసీల ఈ రెండింటినీ కలిపి ఒక సెంటర్‌గ గుర్తించిన్రు. పోయేటప్పుడు పాత స్కాన్ల సీడీలు, బీపీ అంకెలు తారీఖులతోని రాసిన కాగితం, పిల్ల అయితే ఎత్తుల లెక్క, ఇంట్ల ఇంకెవరికి మచ్చలున్నయో వాళ్ల ఫొటోలు పట్టుకపోండ్రి. పొద్దుగాల మొదటి బస్సుకు పోతేనే ఓపీ చీటి దొరుకుతది.